పిల్లల ఎముకల ఎదుగుదలను చూపే రక్త పరీక్షలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పదమూడేళ్ల అబ్బాయి రిపోర్టులో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముక, కాలేయం నుంచి రక్తంలోకి వచ్చే ఎంజైము) 420 అని ఉంటుంది. పక్కనే ‘నార్మల్ 40–130’ అని అచ్చయి, 420 కింద గీత ఉంటుంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. నిజానికి ఆ పిల్లాడు ఆ ఏడాది గబగబా పొడుగు సాగుతున్నాడు, ఆ అంకె చెబుతున్నది అంతే. తప్పు పక్కన అచ్చేసిన 40–130లో ఉంది, అది పెద్దవాళ్ల కొలత. ఇలాంటి రిపోర్టు చేతిలో పట్టుకుని కూర్చున్న తల్లిదండ్రుల కోసం, రక్తం తీసే సిబ్బంది కోసం, రిపోర్టు చదివి చెప్పేవాళ్ల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు.

ఎముక మార్కర్లు అంటే ఏమిటి?

ఎముకలో రెండు పనులు ఎప్పుడూ పక్కపక్కనే నడుస్తుంటాయి. ఆస్టియోబ్లాస్ట్ అనే కణాలు కొత్త ఎముకను కడతాయి, ఆస్టియోక్లాస్ట్ అనే కణాలు పాతదాన్ని కరిగిస్తాయి. ఈ పనుల్లో విడుదలయ్యే ఎంజైములు, రాలిపడే ప్రొటీన్ ముక్కలు రక్తంలోకి వస్తాయి. వాటిని కొలిస్తే పని ఎంత జోరుగా సాగుతోందో తెలుస్తుంది. వాటినే ఎముక మార్కర్లు అంటారు.

కట్టుబడిని చూపేవి: ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, అందులోని ఎముక భాగం, పీ1ఎన్‌పీ, ఆస్టియోకాల్సిన్. కరిగే పనిని చూపేవి: సీటీఎక్స్, ఎన్‌టీఎక్స్, ట్రాప్ 5బి.

పీ1ఎన్‌పీ ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఎముకలో ఖనిజం తీసేస్తే మిగిలే పదార్థంలో దాదాపు 90 శాతం ఒకటో రకం కొలాజెన్. కణం దాన్ని తయారు చేసినప్పుడు రెండు చివర్లా అదనపు తోకలుంటాయి. కొలాజెన్ పోగుగా అల్లుకునే ముందు ఎంజైములు ఆ తోకలను కత్తిరిస్తాయి. ఒక చివర తెగిన తోకే పీ1ఎన్‌పీ. కొలాజెన్ ఎంత తయారైతే తోకలు అన్ని తెగుతాయి. సీటీఎక్స్ దీనికి వ్యతిరేక దిశలో వస్తుంది: అల్లుకున్న పాత కొలాజెన్‌ను కరిగించినప్పుడు ఊడిపడే ముక్క అది.

పెద్దలకంటే పిల్లల్లో ఇవి ఎందుకంత ఎక్కువ?

పెద్దల ఎముకల్లో జరిగేది మరమ్మతు మాత్రమే. పాత ముక్క తీసి అదే చోట కొత్తది పెట్టడం. పిల్లల్లో మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. పొడవాటి ఎముకల చివర్లలో ఉండే ఎదుగుదల పలకలో మృదులాస్థి పెరిగి ఎముకగా మారుతుంది, పొడుగు పెరగడమంటే అదే. ఎముక లావెక్కుతూ ఆకారం దిద్దుకుంటుంది: బయట కొత్త పొర పడుతుంటే లోపలి నుంచి కొంత కరుగుతుంది. మూడోది పెద్దల్లో లాంటి మరమ్మతే.

రక్తంలో కనిపించే అంకె ఈ మూడింటి మొత్తం. ఏ భాగం ఎంతో విడదీసి చెప్పడం ఈ పరీక్షలతో కాదు. పిల్లల రిపోర్టు చదివేటప్పుడు దీన్ని మరిచిపోకూడదు. పెద్దల్లో సీటీఎక్స్ ఎక్కువైతే ఎముక నష్టం గురించి ఆలోచిస్తారు. ఎదిగే పిల్లల్లో సీటీఎక్స్ ఎక్కువగా ఉండటం ఎదుగుదలలో భాగం, ఎందుకంటే కరిగించకుండా ఎముక ఆకారం మార్చుకోలేదు.

వయసుతో ఎలా మారతాయి?

పుట్టిన మొదటి ఏడాదిలో చాలా ఎక్కువ. రెండు, మూడేళ్లు వచ్చేసరికి తగ్గి, ఆ తర్వాత యుక్తవయసు మొదలయ్యేదాకా పెద్దగా కదలవు. యుక్తవయసులో మళ్లీ ఎగసి, ఎదుగుదల ఆగేకొద్దీ పెద్దల స్థాయికి దిగుతాయి. పొడుగు పెరిగే వేగానికి గీసిన గీత, ఈ మార్కర్లకు గీసిన గీత దాదాపు ఒకే ఆకారంలో ఉంటాయి.

అమ్మాయిల్లో ఆ శిఖరం సుమారు 11–13 ఏళ్ల మధ్య వస్తుంది, మొదటి నెలసరికి ముందే. నెలసరి మొదలయ్యాక అంకెలు త్వరగా పడిపోతాయి. అబ్బాయిల్లో సుమారు 13–15 ఏళ్ల మధ్య వస్తుంది, ఇంకా ఎత్తుగా ఉంటుంది, దిగడానికీ ఎక్కువ కాలం పడుతుంది.

పదిహేనేళ్ల కవలలను తీసుకోండి, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. అమ్మాయి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 85, అబ్బాయిది 340. ఇద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు. అమ్మాయి ఎదుగుదల ముగింపుకొచ్చింది, అబ్బాయిది ఇంకా నడుస్తోంది.

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఏ వయసులో ఎంత ఉండొచ్చు?

కెనడాలో ఆరోగ్యవంతులైన పిల్లల రక్తంతో రూపొందించిన కాలిపర్ కొలతలు చాలా ల్యాబులకు ఆధారం. అందులో అంకెలు ఇలా ఉన్నాయి, అన్నీ లీటరుకు యూనిట్లలో:

15 రోజుల నుంచి ఏడాది లోపు: 134–518
1 నుంచి 10 ఏళ్ల లోపు: 156–369
10 నుంచి 13 లోపు: 141–460
13 నుంచి 15 లోపు: అబ్బాయిలు 127–517, అమ్మాయిలు 62–280
15 నుంచి 17 లోపు: అబ్బాయిలు 89–365, అమ్మాయిలు 54–128
17 నుంచి 19 లోపు: అబ్బాయిలు 59–164, అమ్మాయిలు 48–95

వీటిని మీ రిపోర్టు మీద అలాగే అతికించకండి. ఇవి ఒక రకం యంత్రం మీద వచ్చినవి. డైఈథనోలమైన్ బఫర్ వాడే పద్ధతిలో అదే రక్తానికి బాగా పెద్ద అంకె వస్తుంది. మీ ల్యాబు తన పద్ధతికి తగిన పిల్లల కొలతలు ఇస్తుందేమో అడగండి. ఇవ్వకపోతే, కనీసం పక్కన అచ్చేసినవి పెద్దల కొలతలా కాదా అన్నది తేల్చుకోండి. పదిహేనేళ్లలోపు పిల్లల రిపోర్టులో పై పరిమితి 130 దగ్గర ఉంటే అవి పెద్దలవే.

ఎక్కువ వచ్చింది. ఎముకదా, కాలేయందా?

ఎదిగే పిల్లల్లో రక్తంలోని ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌లో ఎక్కువ వాటా ఎముకదే, 80–90 శాతం దాకా ఉంటుంది. అందుకే ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో మామూలు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పరీక్షే ఎముక మార్కర్‌గా బాగా పనికొస్తుంది. తక్కువ ఖర్చు, ప్రతి ల్యాబులోనూ ఉంటుంది, తిండితో పెద్దగా మారదు.

కాలేయం మీద అనుమానం ఉంటే జీజీటీ అనే మరో కాలేయ ఎంజైము పరీక్ష చేయించాలి. జీజీటీ ఎముక నుంచి రాదు. అది మామూలుగా ఉండి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మాత్రమే పెరిగితే మూలం ఎముక అయ్యే అవకాశమే ఎక్కువ.

ఎముక భాగాన్ని విడిగా కొలిచే పరీక్ష కూడా ఉంది, కానీ అది కూడా పూర్తిగా విడదీయలేదు. కాలేయం, ఎముక, మూత్రపిండం మూడూ ఈ ఎంజైమును ఒకే జన్యువు నుంచి తయారు చేస్తాయి, తేడా పైన అంటుకున్న చక్కెర గొలుసుల్లోనే. కాబట్టి యాంటీబాడీ కాలేయపు ఎంజైమును కూడా కొంత పట్టుకుంటుంది. పసిరికలున్న పిల్లల్లో ‘ఎముక భాగం’ కూడా కొంత పెరిగినట్టు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

రెండేళ్ల పాపకు ఏకంగా 3,000 వచ్చింది. క్యాన్సరా?

అంత అంకె చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. అయితే ఐదేళ్లలోపు పిల్లల్లో బాగా తెలిసిన ఒక హానిలేని స్థితి ఉంది. జలుబు, విరేచనాల వంటి మామూలు జబ్బు తర్వాత, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండానే, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ వేలల్లోకి వెళ్లి, కొన్ని వారాల్లో, మహా అయితే 4 నెలల్లో దానంతటదే దిగుతుంది. ఎంజైమును రక్తంలోంచి తొలగించే పని కొంతకాలం మందగించడమే కారణమని భావిస్తారు.

ఈ నిర్ణయానికి రావాలంటే కొన్ని విషయాలు కుదరాలి. బిడ్డ వయసు ఐదేళ్ల లోపు ఉండాలి. పరీక్షలో ఎముక జబ్బు, కాలేయ జబ్బు లక్షణాలు కనిపించకూడదు. కాల్షియం, ఫాస్ఫరస్, పారాథైరాయిడ్ హార్మోన్, విటమిన్ డి, కాలేయ పరీక్షలైన జీజీటీ, ఏఎల్‌టీ మామూలుగా ఉండాలి. ఇవన్నీ సరిపోతే స్కానింగులు, ఎముక మజ్జ పరీక్షల జోలికి పోకుండా ఆరేడు వారాలకు ఒకసారి, అవసరమైతే 4 నెలలకు ఇంకోసారి చూస్తే చాలు. దిగడం మొదలైతే చింత అక్కర్లేదు. నాలుగు నెలలు దాటినా దిగకపోతే అప్పుడు వేరే కారణాలు వెతకాలి.

తక్కువ వస్తే మంచిదే కదా?

కాదు. పెద్దల కొలతలు చేసే అసలు హాని ఇక్కడే ఉంది. ఆరేళ్ల బిడ్డకు 80 వస్తే, 40–130 అని అచ్చేసిన రిపోర్టు ఏ గుర్తూ పెట్టదు. ఆ వయసుకు మాత్రం అది స్పష్టంగా తక్కువ. ఎక్కువ అంకె అనవసరంగా భయపెడుతుంది. తక్కువ అంకె మౌనంగా దాటిపోతుంది, రెండోదే ప్రమాదం.

ముందు శాంపిల్‌ను అనుమానించాలి. ఊదారంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. అది జింకును, మెగ్నీషియాన్ని పట్టేస్తుంది, ఆ రెండూ లేకపోతే ఈ ఎంజైము పనిచేయదు. ఊదా ట్యూబులోంచి కొంచెం రక్తం పసుపుమూత (సీరం) ట్యూబులో కలిపినా, ఊదా ట్యూబు ముందు నింపి అదే సూదితో పసుపుది నింపినా అంకె పడిపోతుంది. గుర్తుపట్టడం సులువే: ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, కాల్షియం రెండూ తగ్గి, పొటాషియం విపరీతంగా పెరిగి ఉంటే అది ట్యూబు తప్పు. బిడ్డకు ఏమీ కాలేదు, మళ్లీ రక్తం తీస్తే సరి.

మళ్లీ తీసినా తక్కువే వస్తే పోషకాహార లోపం, జింకు లోపం, థైరాయిడ్ మందగించడం, పేగుల జబ్బులు, ఎక్కువ కాలం స్టెరాయిడ్లు వాడటం చూడాలి. అరుదైనదైనా మరువకూడనిది హైపోఫాస్ఫటేసియా. ఇది పుట్టుకతో ఈ ఎంజైము సరిగా తయారుకాని జబ్బు. ఎముకలో ఖనిజం చేరకుండా అడ్డుపడే పైరోఫాస్ఫేట్‌ను విడగొట్టడమే ఈ ఎంజైము పని. అది లేకపోతే పైరోఫాస్ఫేట్ పేరుకుని ఎముకలు, పళ్లు గట్టిపడవు. తల్లిదండ్రులే పట్టుకోగల ఆనవాలు ఒకటుంది: ఐదేళ్లలోపే పాలపన్ను వేరుతో సహా పూర్తిగా ఊడి రావడం. మామూలుగా ఊడే పాలపన్నుకు వేరు అప్పటికే కరిగి ఉంటుంది. అలా ఊడిన పన్నును పారేయకుండా డాక్టరుకు చూపించండి.

పీ1ఎన్‌పీ, సీటీఎక్స్, ఆస్టియోకాల్సిన్‌లలో ఏది మేలు?

2011లో అంతర్జాతీయ ఎముక సంస్థ, అంతర్జాతీయ క్లినికల్ కెమిస్ట్రీ సమాఖ్య కలిసి, పెద్దల ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) విషయంలో కట్టుబడికి పీ1ఎన్‌పీని, కరిగే పనికి సీటీఎక్స్‌ను ప్రామాణికంగా వాడాలని సూచించాయి. పిల్లల్లో కూడా ఎక్కువగా ఈ రెంటినే వాడుతున్నారు.

పీ1ఎన్‌పీ నమ్మకమైనది. రోజులో వేళను బట్టి, తిండిని బట్టి పెద్దగా మారదు, శాంపిల్ కొంతసేపు ఆగినా చెడిపోదు. పెద్దల్లో లీటరుకు కొన్ని పదుల మైక్రోగ్రాములు ఉండే ఇది, పిల్లల్లో కొన్ని వందల్లో ఉంటుంది. సీటీఎక్స్ చాలా సున్నితం, దాని సంగతి కింద చెబుతాం. ఎదిగే వయసులో అది లీటరుకు 1,000 నానోగ్రాములు దాటడం మామూలే. ఆస్టియోకాల్సిన్ ఈ మూడింటిలో తేలిగ్గా చెడిపోయేది. ఎర్రకణాలు చిట్లితే వాటిలోని ఎంజైములు దాన్ని ముక్కలు చేస్తాయి, గది వేడిమిలో గంటల్లో అంకె పడిపోతుంది. ఐస్ మీద పంపి వెంటనే సీరం వేరుచేసే ఏర్పాటు లేని చోట దాన్ని రాయకపోవడమే మంచిది.

మూత్రపిండాల జబ్బున్న పిల్లల్లో సీటీఎక్స్, ఆస్టియోకాల్సిన్ బయటికి పోక పేరుకుంటాయి. అలాంటివారికి ఎముక ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ట్రాప్ 5బి నయం.

రక్తం ఎప్పుడు, ఎలా ఇవ్వాలి?

సీటీఎక్స్ ఉంటే ఉదయం 8 నుంచి 10 లోపు, పరగడుపున. కారణం రెండు. ఈ మార్కర్ తెల్లవారుజామున అన్నిటికంటే ఎక్కువ, మధ్యాహ్నానికి అన్నిటికంటే తక్కువ ఉంటుంది. దానిపైన తిండి తింటే పేగుల నుంచి వచ్చే హార్మోన్లు ఎముక కరిగే పనిని తగ్గిస్తాయి, అంకె పడిపోతుంది. ఒకసారి ఉదయం పరగడుపున, ఇంకోసారి మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇస్తే బిడ్డలో ఏ మార్పూ లేకుండానే అంకె సగానికి పడినట్టు కనిపించవచ్చు. ఆ తేడాను చూసి మందు పనిచేసిందని అనుకున్నవాళ్లు లేకపోలేదు.

బడి వయసు పిల్లలు రాత్రి మామూలుగా తిని, ఆ తర్వాత మంచినీళ్లు మాత్రం తాగి, ఉదయం రావాలి. నీళ్లు మానకూడదు, ఒళ్లు ఎండిపోతే నరం దొరకదు. ముందురోజు భారీ ఆటలు, పోటీలు పెట్టుకోకపోతే మంచిది. పాలు తాగే పసివాళ్లను పస్తు ఉంచకండి, తర్వాతి పాలకు ముందు తీస్తే చాలు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఒక్కటే అయితే ఈ నియమాలేవీ అక్కర్లేదు, ఏ వేళైనా సరే.

అన్ని మార్కర్లూ కలిపి 3 మిల్లీలీటర్ల రక్తం సరిపోతుంది. సిబ్బంది ముందు పసుపు లేదా ఎర్రమూత ట్యూబు, తర్వాతే ఊదా ట్యూబు నింపాలి. సీటీఎక్స్‌కు ఊదా ట్యూబు ప్లాస్మా అనుకూలం, అందులో అది ఎక్కువసేపు నిలుస్తుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌కు అదే ట్యూబు పనికిరాదు. కాబట్టి ఈ రెండు పరీక్షలూ ఒకే ట్యూబుతో అవుతాయనుకోవద్దు. సీరం ట్యూబును (పసుపు లేదా ఎర్రమూతది) అరగంట గడ్డకట్టనిచ్చి, తీసిన 2 గంటల్లోపు సీరం వేరుచేయాలి. తర్వాత చేయాల్సి ఉంటే మైనస్ 20 డిగ్రీల్లో పెట్టాలి, నెలల తరబడి అయితే మైనస్ 70లో. వేలు నొక్కి నొక్కి రక్తం తీస్తే కణాలు చిట్లుతాయి, సీరం గులాబిరంగుకు తిరిగితే ఆస్టియోకాల్సిన్ చేయకండి.

మందులు, టానిక్కులు ప్రభావం చూపుతాయా?

చూపుతాయి. జుట్టు, గోళ్ల కోసం వాడే బయోటిన్ చాలామంది మందుగా లెక్కపెట్టరు, అందుకే చెప్పరు. కొన్ని యంత్రాలు బయోటిన్, దాన్ని గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్ జంట మీద ఆధారపడి పనిచేస్తాయి. రక్తంలో బయోటిన్ ఎక్కువగా ఉంటే ఆ జంట కుదరక సీటీఎక్స్, పీ1ఎన్‌పీ నిజానికంటే తక్కువగా వస్తాయి. కొత్త కిట్లలో ఈ ఇబ్బంది తగ్గించారు. అయినా 5, 10 మిల్లీగ్రాముల మాత్రలు వాడుతుంటే కనీసం 2 రోజులు ఆపి రావాలి, ఎన్ని రోజులో ల్యాబునే అడగండి. డాక్టరు జబ్బు కోసం రాసిన బయోటిన్‌ను మాత్రం సొంతంగా ఆపకండి.

స్టెరాయిడ్లు కట్టుబడి మార్కర్లను త్వరగా తగ్గిస్తాయి, ముఖ్యంగా ఆస్టియోకాల్సిన్‌ను. ఫెనిటోయిన్, ఫెనోబార్బిటాల్, కార్బమజెపైన్ వంటి మూర్ఛ మందులు విటమిన్ డిని త్వరగా ఖర్చు చేసి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌ను పెంచవచ్చు. ఎదుగుదల హార్మోన్ ఇంజెక్షన్లు మార్కర్లను కొన్ని వారాల్లోనే పెంచుతాయి.

మొన్న చెయ్యి విరిగింది. ఇప్పుడు చేయించవచ్చా?

విరిగిన చోట అతుకు పడేటప్పుడు మార్కర్లు పెరుగుతాయి, కొన్ని నెలలు అలాగే ఉంటాయి. ఇప్పుడు చేసిన పరీక్ష ఆ అతుకు గురించే ఎక్కువ చెబుతుంది. ఎముక ఎందుకు విరిగిందో తెలుసుకోవాలంటే విరిగిన రోజునే, తొలి గంటల్లో తీసిన రక్తం మేలు. లేదంటే ఆరు నెలలు ఆగాలి. జ్వరం, పెద్ద జబ్బు వచ్చినప్పుడు కట్టుబడి తాత్కాలికంగా తగ్గుతుంది, కోలుకున్నాక రెండు, మూడు వారాలకు చేయించండి.

రెండు ల్యాబుల్లో వేర్వేరు అంకెలు వచ్చాయి. ఏది నిజం?

రెండూ నిజం కావచ్చు. సీటీఎక్స్‌ను, పీ1ఎన్‌పీని కొలిచే కంపెనీల కిట్లు ఒకే రక్తానికి ఒకే అంకె ఇవ్వవు. వరుసగా గమనించాలంటే ఒకే ల్యాబు, ఒకే యంత్రం, ఒకే వేళ. యూనిట్లు కూడా చూసుకోండి: మిల్లీలీటరుకు 0.9 నానోగ్రాములు, లీటరుకు 900 నానోగ్రాములు ఒకటే.

పోయినసారి కంటే 15 శాతం తగ్గింది. పట్టించుకోవాలా?

ఒక్క దాన్నే చూసి పట్టించుకోకండి. ఏ బిడ్డలోనైనా రోజురోజుకీ కొంత హెచ్చుతగ్గు ఉంటుంది, యంత్రానికీ కొంత ఉంటుంది. ఆ రెండూ కలిపి 10 శాతం అనుకుంటే, లెక్క ప్రకారం ఆ అంకెను 2.77తో గుణించాలి. అంటే సుమారు 28 శాతం దాటిన తేడానే నిజమైన మార్పుగా తీసుకోవచ్చు. పిల్లల్లో ఇంకో చిక్కుంది, మధ్యలో వయసు కూడా పెరుగుతుంది. పన్నెండున్నరేళ్ల అమ్మాయిలో ఆరు నెలల్లో అంకె 40 శాతం పడిపోతే, ఆ మధ్యలో నెలసరి మొదలైతే, అది ఎదుగుదల సహజంగా నెమ్మదిస్తున్న గుర్తే.

అందుకే అంకెకు బదులు జడ్-స్కోరు అడగండి. అదే వయసు, అదే లింగం పిల్లల సగటుకు ఈ అంకె ఎంత దూరంలో ఉందో అది చెబుతుంది. మైనస్ 2 నుంచి ప్లస్ 2 మధ్య ఉంటే మామూలే. యుక్తవయసు ఆలస్యమైన పిల్లల్లో జడ్-స్కోరు కూడా తప్పుదారి పట్టిస్తుంది. పద్నాలుగేళ్లు నిండినా యుక్తవయసు రాని అబ్బాయికి అంకె తన వయసువాళ్లకంటే తక్కువ వస్తుంది, ఎందుకంటే అతని ఎముక వయసు (ఎక్స్‌రేలో ఎముకలు చూపే వయసు) ఇంకా పదకొండే కావచ్చు. అతన్ని పదకొండేళ్లవాళ్లతో పోల్చాలి.

విటమిన్ డి, కాల్షియం, ఫాస్ఫరస్ కూడా మార్కర్లేనా?

కాదు. అవి కట్టుబడికి కావాల్సిన సరుకు, మార్కర్లు కట్టుబడి జోరు. కానీ రికెట్స్‌ను (పిల్లల ఎముకలు గట్టిపడని జబ్బు) అనుమానిస్తే అన్నీ కలిపే చూడాలి. 2016లో వెలువడిన అంతర్జాతీయ ఏకాభిప్రాయం ప్రకారం 25-హైడ్రాక్సీ విటమిన్ డి మిల్లీలీటరుకు 12 నానోగ్రాముల లోపు ఉంటే లోపం, 20 దాటితే చాలు.

రికెట్స్‌లో కట్టడం ఆగదు, గట్టిపడటమే ఆగుతుంది. కణాలు కొలాజెన్ పరుస్తూనే ఉంటాయి, దాని మీద ఖనిజం పడదు. అందుకే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ వయసు పరిమితిని దాటి పెరుగుతుంది, విటమిన్ డి లోపం వల్ల వచ్చినదైతే పారాథైరాయిడ్ హార్మోన్ కూడా పెరుగుతుంది. యుక్తవయసు ఎదుగుదలలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగినా పారాథైరాయిడ్ హార్మోన్ మామూలుగానే ఉంటుంది. తేల్చి చెప్పేది మాత్రం మణికట్టు, మోకాలి ఎక్స్‌రే. మందు మొదలుపెట్టాక ఎక్స్‌రేలో మార్పు కొన్ని వారాల్లో కనిపిస్తుంది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పూర్తిగా దిగడానికి నెలలు పడుతుంది. మధ్యలో భయపడి మోతాదు పెంచుకోవద్దు.

ఫాస్ఫరస్‌లోనూ పెద్దల కొలతల ఉచ్చే ఉంది. పెద్దలకు డెసిలీటరుకు 2.5–4.5 మిల్లీగ్రాములు నార్మల్, ఐదు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు సుమారు 4–6. దొడ్డికాళ్లున్న ఆరేళ్ల బిడ్డకు 2.8 వచ్చి, రిపోర్టు ‘నార్మల్’ అంటే, మూత్రంలో ఫాస్ఫేట్ కారిపోయే వంశపారంపర్య రికెట్స్ ఏళ్ల తరబడి దాటిపోతుంది.

మా అబ్బాయి ఎంత పొడుగవుతాడో చెబుతాయా?

చెప్పవు. ఈ వారాల్లో జోరు ఎలా ఉందో చెబుతాయి, ఇంకెన్నేళ్లు సాగుతుందో చెప్పవు. ఆ ప్రశ్నకు ఎడమచెయ్యి, మణికట్టు ఎక్స్‌రేతో చూసే ఎముక వయసు మేలు.

అంతకంటే ముందు పొడుగును సరిగ్గా కొలవడం. చెప్పులు విప్పి, మడమలు గోడకు ఆనించి, చూపు ఎదురుగా ఉంచి, తలమీద చదునైన పలక పెట్టి, ఎప్పుడూ ఒకే వేళ కొలవండి. సాయంత్రానికి మనిషి దాదాపు ఒక సెంటీమీటరు కుంగుతాడు. ఆరు నెలల తేడాతో రెండు కొలతలు తీసి ఏడాదికి లెక్కకట్టండి. ఐదేళ్ల నుంచి యుక్తవయసు దాకా ఏడాదికి 5 సెంటీమీటర్ల చుట్టూ ఉండాలి. 4 కంటే తగ్గితే డాక్టరును కలవాలి, మార్కర్లు మామూలుగా ఉన్నా సరే.

ఎదుగుదల పలకను మాత్రమే చూపే పరీక్ష లేదా?

పదో రకం కొలాజెన్ ఎదుగుదల పలకలో ఉబ్బిన మృదులాస్థి కణాలు తయారుచేసేది. మృదులాస్థి ఎముకగా మారేటప్పుడు దాని ముక్క రక్తంలోకి వస్తుంది. 2017లో దీన్ని కొలిచే పద్ధతి వెలువడింది, ఎండిన రక్తపు చుక్కతో కూడా చేయవచ్చు. పొడుగు పెరిగే వేగంతో ఇది బాగా కలుస్తోంది. మూడు పనుల మొత్తంలోంచి పొడుగు పనిని విడదీసి చూపే దారి ఇది, ఆశ పెట్టుకోదగ్గది. ప్రస్తుతం పరిశోధనల్లోనే ఎక్కువగా వాడుతున్నారు.

మూత్ర పరీక్ష చాలదా?

పిల్లలకు సలహా ఇవ్వం. మూత్రంలోని ముక్కలను క్రియాటినిన్‌తో భాగిస్తారు. క్రియాటినిన్ కండను బట్టి పెరుగుతుంది, యుక్తవయసులో కండ కూడా పెరుగుతుంది. భాగహారం కింది అంకె కదులుతుంటే జవాబు నిలకడగా ఉండదు.

డెక్సా స్కాన్ ఉండగా ఇవెందుకు?

డెక్సా ఎముకలో ఇప్పటిదాకా కూడిన ఖనిజం చూపుతుంది, మార్కర్లు ఇప్పటి వేగం చూపుతాయి. యుక్తవయసులో ఈ రెండూ ఒకే అడుగులో నడవవు. పొడుగు ముందు పరుగెడుతుంది, ఖనిజం కొన్ని నెలల వెనక వస్తుంది. ఆ ఎడంలోనే ఈ వయసు పిల్లల్లో మణికట్టు విరగడం ఎక్కువ. డెక్సా అంకె తక్కువైనంత మాత్రాన పిల్లలకు ఆస్టియోపొరోసిస్ అని పేరు పెట్టకూడదు. వెన్నుపూస నలిగి ఉండాలి, లేదా జడ్-స్కోరు మైనస్ 2 లేదా అంతకంటే తక్కువ ఉండి పదేళ్లలోపు రెండు, పందొమ్మిదేళ్లలోపు మూడు పొడవాటి ఎముకల విరుపులైనా ఉండాలి.

ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఏడాదికోసారి చేయించాలా?

అక్కర్లేదు. ఆరోగ్యవంతులైన పిల్లల అంకెలే ఇంత విస్తారంగా ఉన్నప్పుడు, కారణం లేకుండా చేసిన పరీక్ష కొత్త భయాన్ని తెస్తుంది తప్ప జవాబునివ్వదు. పొడుగు ఆగిపోవడం, తేలికపాటి దెబ్బకే మాటిమాటికీ ఎముకలు విరగడం, కాళ్లు వంకర తిరగడం, ఎక్కువ కాలం స్టెరాయిడ్లు, సన్నబడాలని తిండి మానేసి నెలసరి ఆగిన అమ్మాయి, ఎదుగుదల హార్మోన్ చికిత్స: ఇలాంటి సందర్భాల్లో పనికొస్తుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

రిపోర్టు, రక్తం తీసిన తేదీ, వేళ, అప్పటికి ఏమైనా తిన్నారా లేదా. బిడ్డ పుట్టినతేదీ, గత రెండేళ్లలో కొలిచిన పొడుగులు తేదీలతో. అమ్మాయి అయితే నెలసరి మొదలైందా, ఎప్పుడు. గత ఏడాదిలో విరిగిన ఎముకలు, వచ్చిన పెద్ద జబ్బులు. వాడుతున్న ప్రతి మందు, ప్రతి టానిక్కు సీసా, బయోటిన్‌తో సహా. తల్లిదండ్రుల పొడుగులు కూడా రాసుకెళ్లండి, నోటికొచ్చిన అంచనా కాకుండా కొలిచి.